పంజరానికి చిల్లు

కారు మూడో పల్టీ కొట్టేసరికి నేను పరుగెత్తడం మానేశాను. పరుగెత్తి చేసేదేమీ లేదని కాళ్ళకే ముందు తెలిసిపోయింది. గట్టు మీద నిలబడి, మా ఆవిడ నడుపుతున్న కారు రాతి మీంచి రాతి మీదికి రేకు డబ్బాలా ఎగిరిపడుతూ లోయలోకి పోతుంటే చూస్తూ ఉండిపోయాను. బానెట్ ఊడి గాల్లో తిరిగింది. ఒక చక్రం కారుకంటే ముందే అడుక్కి చేరి, కంచె దూకి ఎవరి చేలోకో వెళ్ళిపోయింది.

దుమ్ము సర్దుకున్నాక కిటికీలోంచి ఒక చేయి బయటికొచ్చింది.

"చూస్తావేంటయ్యా అక్కడ నిలబడి, వచ్చి బెల్టు కొయ్యి!"

ఆ కేక విన్నాక ఆ గట్టు మీదే కూలబడి వాంతి చేసుకున్నాను.

ఆమెను బతికించింది కారు లోపల ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం. రోల్ కేజ్ అంటారు. మేం పంజరం అంటాం. పక్క సీట్లో కూర్చుని రాబోయే మలుపులు చదివి వినిపించే మనిషికి చిలక అని పేరు పెట్టడానికి కారణం కూడా ఆ పంజరమే. ఆ రోజు చిలక మూతి పగిలింది, మా ఆవిడ భుజం కమిలింది. అంతే. పైకప్పు రేకు మాత్రం పంజరం గొట్టాలకు అతుక్కుపోయింది.

ర్యాలీ కారంటే ఆకాశంలోంచి ఊడిపడదు. షోరూములో అందరికీ అమ్మే కారే. కంపెనీ ఒక రకం కారును పందేలకు దించదలచుకుంటే, దాని ఇంజను దగ్గర్నుంచి తలుపు బిజాగరీ దాకా పందేలు నడిపే సమాఖ్య వాళ్ళకు చూపించి ఒప్పించుకుంటుంది. దాన్నే హోమోలోగేషన్ అంటారు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే ఉండాలి. పంజరం దగ్గరికొస్తే మరీ పట్టుదల. ఏ ఉక్కు, ఎంత మందం, ఎక్కడ వంపు, ఎక్కడ అతుకు, అన్నీ ముందే ఖాయం. తర్వాత దానికి సూది దూరేంత చిల్లు పెట్టినా, ఒక్క వెల్డింగ్ చుక్క అదనంగా పడినా, కారు ఇంటికే.

ఈ నియమాలన్నీ నా నాలుక చివర ఉంటాయి. టీములో నేను హెడ్ మెకానిక్‌ని. నట్టు మారినా ఒప్పుకోనని కుర్రాళ్ళు నాకు రూళ్ళకర్ర అని పేరు పెట్టారు. టీము యజమాని మా ఆవిడకు అన్న, నాకు బావ.

ఆ ప్రమాదం తర్వాత నలిగిన బాడీని బావ తన సొంత వర్క్‌షాపుకు తోలించాడు. "కంపెనీ నుంచి కొత్త బాడీ, కొత్త పంజరం తెప్పిస్తున్నా. నువ్వు ఇంజను సంగతి చూసుకో చాలు" అన్నాడు. కొన్నాళ్ళకు బాడీ వచ్చింది. పంజరం రంగుతో నిగనిగలాడుతోంది. దాని మీద కంపెనీ గుర్తింపు పలక బిగించి ఉంది. సీట్లు, వాటి కింది పరుపు కూడా వాళ్ళే వేసి పంపారు. నేను ఇంజను, గేర్‌బాక్సు ఎక్కించాను. తనిఖీలో తూకం సరిపోయింది, సమాఖ్య ఇన్‌స్పెక్టరు పలక చూసి తలూపాడు. సొంత చెల్లెలు కూర్చునే కారులో ఎవరైనా దగా చేస్తారా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

*

సీజను చివరి ర్యాలీ, చివరి రోజు. మా ఆవిడే ముందుంది. మిగిలింది కొండ స్టేజి ఒక్కటే, అంటే గడియారంతో పోటీపడుతూ ఒక్కో కారూ విడిగా నడిచే దారి ముక్క. గెలిస్తే వచ్చే ఏడాది కంపెనీ తన సొంత టీమును బావ చేతిలో పెడుతుందని అందరికీ తెలుసు.

మధ్యాహ్నం సర్వీసుకు కారు వచ్చింది. పాత సిమెంటు గోదాము ఆవరణలో మా గుడారం. సర్వీసుకిచ్చేది అరగంట. మా ఆవిడ, చిలక ఆవరణ అవతల నీడలో కూర్చుని ఏదో తింటున్నారు. కుర్రాళ్ళు టైర్లు మార్చి, నీళ్ళు తాగడానికి బయటికెళ్ళారు. నేను కారు కింద దూరి, రాళ్ళ దెబ్బలకు అడుగు భాగం ఎక్కడైనా చిట్లిందేమోనని చేత్తో తడుముతున్నాను.

సీటు కింద నాలుగు బోల్టుల తలలు చేతికి తగిలాయి. అవి నేను బిగించినవి కావు.

పైకి వచ్చి సీటు కింది పరుపు చింపి చూశాను. మందపాటి ఇనప పలక. చిలక సీటు కింద ఇంకొకటి. తూకం తక్కువైన కార్లకు ఇలాంటివి వేస్తారు, ఇన్‌స్పెక్టరుకు చెప్పి, సీలు వేయించి. మా కారు తూకం ఎప్పుడూ ఎక్కువే తప్ప తక్కువ కాదు. ఇంత ఇనుము అడుగున మోస్తూ కూడా కారు పాత తూకమే తూగిందంటే, పైన ఎక్కడో అంత బరువు పోయిందన్నమాట. ఇంజను నేనే ఎక్కించాను. తలుపులు నేనే బిగించాను. పైన నా చేయి పడనిది ఒక్కటే.

పంజరం.

గొట్టాన్ని వేలితో కొట్టి చూశాను. పైన ఫోమ్ తొడుగు, దాని కింద మందంగా రంగు. ఏమీ తెలియడం లేదు. గొట్టం మందం కొలిచే మీటరు ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంటుంది. ఆయన ఊళ్ళో ప్రధాన కార్యాలయంలో ఉన్నాడు. పిలిచి, ఒప్పించి, తెప్పించేసరికి కారు కొండ దిగిపోతుంది. దిగితే మంచిదే. దొర్లితే?

ఇంకో దారి ఉంది. చిల్లు పెట్టి చూడటం.

చిల్లు పెట్టానంటే కారు చచ్చినట్టే. గొట్టం అసలుదే అయితే, గెలిచే కారును నా చేతులతో నేనే చంపినవాణ్ణవుతాను. ఆమె జన్మలో నా మొహం చూడదు. గొట్టం నకిలీదై నేను చిల్లు పెట్టకపోతే, ఆ మొహం నేనే చూడలేను.

ఫోమ్ తొడుగు జరిపి, డ్రైవరు పక్క నిలువు గొట్టానికి డ్రిల్లు ఆనించాను.

మంచి ఉక్కు డ్రిల్లును అంత తేలిగ్గా రానివ్వదు. కీచుమంటుంది, పొగ కక్కుతుంది, మణికట్టు తిప్పేస్తుంది. ఇది అరటి బోదెలోకి కత్తి దిగినట్టు దిగిపోయింది. కొన వంచిన తీగ లోపలికి దూర్చి, అంచుకు తగిలించి మందం చూశాను. నా గోరంత ఉంది.

"బావగారూ, ఏంటది చేతిలో?"

వెనక బావ నిలబడి ఉన్నాడు. పక్కన అతని వర్క్‌షాపు వెల్డరు. ఇనుమైనా మనిషైనా కోసిపడేస్తాడని వాణ్ణి కట్టర్ అంటారు. బావ మెల్లగా గుడారం పరదా దించేశాడు.

"డ్రిల్లు" అన్నాను. "ఇది పంజరం కాదు బావా. రేకు."

"మెల్లగా మాట్లాడు."

"నీ చెల్లెలు దీంట్లో కూర్చుంటోంది!"

"కూర్చుని ముందుంది కదా! పైన బరువు తగ్గి కింద పెరిగితే కారు మలుపుల్లో నేలకు అతుక్కుపోతుంది. రెండ్రోజుల్నుంచి చూడట్లా ఎలా కోసుకుపోతోందో? కంపెనీవాళ్ళ బాడీ రావాలంటే సీజనయ్యాక. అప్పటిదాకా గుడ్లప్పగించి కూర్చోమంటావా? పలక మాత్రం అసలుదే, పాత పంజరం మీంచి ఊడబీకాం."

"దొర్లితే?"

"దొర్లదు."

"మొన్న దొర్లింది."

"మొన్న దొర్లింది కాబట్టే ఇవాళ దొర్లదు. దెబ్బ తిన్నోళ్ళకి భయముంటది" అని నవ్వాడు బావ. "ఒక్క స్టేజి. ఇంటికెళ్ళాక పంజరం మారుద్దాం. నువ్వే దగ్గరుండి మార్చు. ఆ చిల్లు మా వాడు పూడ్చేస్తాడు. నువ్వు నోరు పూడ్చుకో."

నేను నోరు తెరిచాను. కేక గొంతులో ఉండగానే కట్టర్ చేతిలోని వీల్ స్పానర్ నా పక్కటెముకల మీద పడింది. ఏదో టప్పుమని విరిగింది. ఊపిరి అందలేదు. రెండో దెబ్బ మోకాలి వెనక. నేల మీద పడ్డ నా నోట్లో గ్రీజు గుడ్డ కుక్కారు. బయట జనరేటరు రొదలో ఇదంతా చీమ చిటుక్కుమన్నంత కూడా వినిపించలేదు.

"అన్నా, ఊరికే ఉండు. అన్నవి కాబట్టి మెల్లగా కొట్టా" అన్నాడు కట్టర్, నన్ను కాళ్ళు పట్టి ఈడుస్తూ.

*

గుడారం వెనక టైర్ల లారీ. నన్ను లోపలికి విసిరి, టైర్లు జారకుండా కట్టే పట్టీతో చేతులూ నడుమూ కలిపి గోడ కమ్మీకి బిగించారు. కట్టర్ తిరిగి వెళ్ళి చిల్లులో మైనం లాంటిదేదో కుక్కి, ఫోమ్ తొడుగు కిందికి లాగేసి ఉంటాడు. ఎంతో సేపు పట్టలేదు. వచ్చి లారీ తలుపు దగ్గర చతికిలబడ్డాడు.

తలుపు సందులోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏడీ మా రూళ్ళకర్ర?"

"కళ్ళు తిరుగుతున్నాయన్నాడమ్మా. ఎండ కదా, పడుకోబెట్టాం" అన్నాడు బావ.

"ఈ మనిషి ఇంతే అన్నయ్యా. నేను గెలిచే టైముకే పడకేస్తాడు."

గుడ్డ వెనక నుంచి అరిచాను. పంది గురక లాంటి శబ్దం వచ్చింది. కట్టర్ నా మూతి మీద మడమతో తన్నాడు. రెండు పళ్ళు గుడ్డలోకి ఊడాయి. బయట ఇంజను గర్జించింది. నా చేత్తో బిగించిన ఇంజను. ఆ చప్పుడు గేటు దాటి, రోడ్డెక్కి, కొండ వైపు సన్నగిల్లిపోయింది. వెనకే బావ జీపు కూడా.

ఆ పట్టీని ఏళ్ళ తరబడి రోజూ బిగించి విప్పింది నేనే. దాని బిగింపు పిడి వెన్ను వెనక నా వేళ్ళకు అందుతోంది. నొక్కి లాగితే వదులవుతుంది, కాకపోతే టపటపమని చప్పుడు చేస్తుంది. కట్టర్ సిగరెట్టు ముట్టించుకోవడానికి తల వంచాడు. నేను పిడి లాగాను.

వాడు తల తిప్పేసరికి నా చేతులూ, నోట్లోని గుడ్డా బయట ఉన్నాయి. పక్కనున్న టైర్ల దొంతర మీదికి ఒరిగి భుజంతో తోశాను. నిలువెత్తు దొంతర వాడి మీద విరుచుకుపడింది. చక్రాల అంచులు తలకూ వీపుకూ తగిలి వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. నేను తలుపు వైపు పాకాను. ఎడమచేయి అంచు మీద వేసి కిందికి దూకబోతుంటే, వాడు పడ్డచోటి నుంచే చేయి చాచి తలుపును విసురుగా లాగాడు. ఇనప తలుపు నా వేళ్ళ మీద మూసుకుంది.

నాకు వినిపించిన అరుపు నాదేనని కాసేపటిదాకా తెలియలేదు.

వాడు నా మెడ పట్టుకుని వెనక్కి లాగాడు. కుడిచేతికి ఏదో చల్లగా తగిలింది. పాత బ్రేకు డిస్కు. దాన్ని వాడి మోకాలి చిప్ప మీద బలంకొద్దీ దింపాను. వాడు వంగాడు. ఇంకోసారి చెవి మీద. వాడు వెల్లకిలా పడ్డాక డిస్కు ఎత్తి మొహం మీద పట్టుకున్నాను.

"ఏ గొట్టంరా అది?"

"అన్నా వద్దన్నా..."

"ఏ గొట్టం?"

"బల్లల గొట్టం! బడిపిల్లల బల్లలకి వేస్తారే, అది! బాసు తెమ్మన్నాడు, తెచ్చా! నాకేం తెలుసన్నా, నేను కోసేవాణ్ణి, అతికేవాణ్ణి!"

బడిపిల్లల బల్లలు. నా పెళ్ళాం నెత్తి మీద.

డిస్కును వాడి రెండో మోకాలి మీద వదిలాను. జేబులోంచి లారీ తాళం తీసుకున్నాను. వాడి ఫోను కోసం వెతికితే టైర్ల కింద ఎక్కడో పడింది, వెతికే తీరిక లేదు. నా ఫోను బావ పట్టుకుపోయాడు, కుర్రాళ్ళు స్టేజి చూడటానికి వెళ్ళిపోయారు. గోడకున్న పనిముట్ల అరలోంచి పెద్ద సుత్తి తీసి బెల్టులో దోపుకున్నాను. అప్పటికి నా బుర్రలో ఉన్నది ఒక్కటే ఆలోచన. మాటలతో ఆపలేను. చూపించాలి.

*

లారీ వెనక తలుపులు కొట్టుకుంటూ, ఒక్కో టైరూ రోడ్డు మీదికి దొర్లిపోతూ ఉంటే కొండ రోడ్డు ఎక్కించాను. గేరు మార్చాలంటే ఎడమచేయి కావాలి. ఆ చేతికి వేళ్ళున్న చోట ఎర్రటి ముద్ద ఉంది. మణికట్టుతో గేరు నెడుతున్నాను. నెట్టిన ప్రతిసారీ కళ్ళముందు తెల్లగా మెరుస్తోంది.

వెనక లారీలోనే పడున్న కట్టర్‌కు టైర్ల కింద ఫోను దొరికినట్టుంది. మలుపు తిరిగేసరికి బావ జీపు ఎదురొచ్చింది, పైనుంచి కిందికి, రోడ్డు మధ్యలో, దీపాలు వెలిగించుకుని. తప్పుకుంటాననుకున్నాడు. పిరికివాణ్ణని అతని నమ్మకం. రూళ్ళకర్ర కదా, ఎడమ వైపు నా హద్దులో నేను ఉంటాననుకున్నాడు.

నేను యాక్సిలరేటర్ మీద కాలు తీయలేదు.

జీపు ముందు భాగం లారీ కిందికి ముడుచుకుపోయింది. అద్దం నా మీదికి చిల్లర పోసినట్టు రాలింది. లారీ జీపును నెట్టుకుంటూ వెళ్ళి, కొండ గోడకు నొక్కి ఆగిపోయింది. రేడియేటరులోంచి ఆవిరి. స్టీరింగు నా ఛాతీలో ఉంది. విరిగిన ఎముకలు ఇప్పుడు రెండు వైపులా పొడుస్తున్నాయి.

కిందికి జారి పైకి నడవడం మొదలుపెట్టాను. స్టేజి మొదలయ్యే చోటు కనిపిస్తోంది. పసుపు బోర్డులు, జెండాలు, వరసలో ఆగిన కార్లు. వరసలో ముందున్నది మాదే.

వెనక నుంచి బరువు నా వీపు మీద పడింది. బావ. నుదురు చీరుకుపోయి ఒక కన్ను రక్తంలో మునిగి ఉంది. ఇద్దరం కాలవలోకి దొర్లాం. అతను నా విరిగిన వేళ్ళు పట్టుకుని మెలితిప్పాడు.

"నా కష్టమంతా బూడిదలో పోస్తావురా! పదేళ్ళ కష్టం!"

"నీ చెల్లెలురా అది!"

"నా చెల్లెలే! నీకంటే ముందు నా చెల్లెలు! దాన్ని ఈ సీట్లో కూర్చోబెట్టింది నేను!"

రాయి తీసి నా తల మీదికి ఎత్తాడు. నేను అతని చేతిని కొరికాను. మిగిలిన పళ్ళన్నీ దిగేదాకా కొరికాను. రాయి జారి అతని మోకాలి మీదే పడింది. అతన్ని తోసేసి, కాలవలోంచి పాకి, లేచి పరుగెత్తాను. పరుగంటే పరుగు కాదు, పడిపోతూ పడిపోతూ పడకపోవడం.

"పట్టుకోండి వాణ్ణి! తాగున్నాడు! మనిషి మనిషిలో లేడు!" అని బావ వెనక నుంచి అరుస్తున్నాడు.

పసుపు బోర్డు దగ్గర కాపలా ఉన్న ముసలాయన ఈల ఊది చేతులు చాచాడు. "ఏయ్, ఏయ్! టీము మనుషులు బోర్డు దాటకూడదు! తెలీదా?"

తెలియకేం. బోర్డు దాటి టీము మనిషి కారు మీద చేయి వేస్తే కారు పోటీలోంచి ఔటు. ఈ మాట కుర్రాళ్ళకు నేను ఎన్నిసార్లు చెప్పుంటానో.

"ఆ కారు పంజరం నకిలీది, ఆపండి!" అన్నాను. పళ్ళు లేని నోట్లోంచి అది ఏ మాటగా వచ్చిందో ఆయనకే తెలియాలి. నా మొహం, బెల్టులో సుత్తి చూసి వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆ సందులోంచి దూరాను.

కారు గీత మీద ఉంది. ఎర్ర లైటు. హెల్మెట్‌లో మా ఆవిడ కళ్ళు రోడ్డు మీద. పక్కన చిలక మిగిలిన సెకన్లు లెక్క చెబుతున్నాడు.

"ముప్పై."

కిటికీలోంచి తల దూర్చాను. ఆమె అదిరిపడింది.

"నువ్వా! ఏంటా రక్తం... ఏయ్, ముట్టుకోకు! ముట్టుకుంటే పోతాం!"

"దిగు."

"చెయ్యి తియ్! రూళ్ళకర్రా, నీకు పిచ్చా! చెయ్యి తియ్యరా!"

నా జుట్టు పట్టుకుని తలను తలుపు అంచుకేసి కొట్టింది. రెండుసార్లు కొట్టింది. ఆమె చేతిలో బలం ఎప్పుడూ ఎక్కువే.

"ఇరవై" అన్నాడు చిలక. లెక్క మాత్రం ఆపలేదు. వాడి అలవాటు అది.

సుత్తి తీశాను. ఆమె తల పక్కకు ఎత్తాను. చుట్టూ జనం కేకలు వేశారు. పెళ్ళాన్ని చంపేస్తున్నాడనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. ఆ కళ్ళు ఇప్పటికీ మర్చిపోలేను.

నిలువు గొట్టం మీద కొట్టాను.

మంచి పంజరం మీద సుత్తి పడితే గంట మోగినట్టు ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి తంతుంది. ఇది చప్పుడే చేయలేదు. తడి అట్ట మీద కొట్టినట్టు సుత్తి లోపలికి దిగిపోయింది. ఫోమ్ పగిలింది. ఇంకోసారి కొట్టాను. గొట్టం మధ్యకు ముడుచుకుని, చిల్లు దగ్గర చీలి, ఆమె హెల్మెట్ వైపు వంగింది. చీలిన అంచు కాగితంలా పల్చగా మెరిసింది.

"పది" అన్నాడు చిలక. ఆ తర్వాత వాడి నోట్లోంచి అంకె రాలేదు.

ఆమె గ్లవ్ తీసింది. వట్టి వేళ్ళతో ఆ అంచును పట్టుకుంది. రేకు డబ్బా మూత వంచినట్టు దాన్ని రెండు వేళ్ళతో వంచింది.

లైటు పచ్చగా మారింది. కారు కదలలేదు. ఆమె ఇంజను కట్టేసింది.

నలుగురు వచ్చి నన్ను నేలకేసి అణిచారు. వీపు మీద ఎవరిదో మోకాలు. బుగ్గ కంకర మీద. అక్కడి నుంచి ఆమె బూట్లు కారులోంచి దిగడం చూశాను.

కుంటుకుంటూ బావ వచ్చాడు. "వాడు కావాలని చేశాడమ్మా! ఆ సుత్తి దెబ్బకి ఏ గొట్టమైనా..."

"అన్నయ్యా, ఈ పంజరం ఎక్కడిది?"

"కంపెనీదే. పలక ఉంది చూడు."

"అన్నయ్యా."

బావ చుట్టూ చూశాడు. ఇంత మందిలో, కెమెరాల ముందు. గొంతు తగ్గించాడు. "నువ్వు దొర్లవు. నాకు తెలుసు. నీ చెయ్యి నాకు తెలుసు. ఆ నమ్మకం లేకపోతే కూర్చోబెడతానా?"

"అయితే రా" అంది ఆమె. చుట్టూ తిరిగి అవతలి తలుపు తెరిచింది. "చిలకా, దిగు."

చిలక దిగాడు.

"కూర్చో అన్నయ్యా. ఈ స్టేజి నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చో. నేను దొర్లనుగా."

"పిచ్చి మాటలు..."

"కూర్చో!"

బావ కారు దాకా వచ్చాడు. పరువు పట్టుకు లాగింది మరి. పైకప్పు మీద చేయి వేసి, ఒక కాలు లోపల పెట్టాడు. అప్పుడు అతని చూపు ఎదుటి పక్కన వేలాడుతున్న గొట్టం మీద పడింది. తర్వాత తన తల పక్కన ఉండబోయే గొట్టం మీద పడింది. అదీ ఆ బల్లల గొట్టమేనని అందరికంటే అతనికి బాగా తెలుసు.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

మా ఆవిడ హెల్మెట్ విప్పి, దాని పట్టీ చేతికి చుట్టుకుని, అన్న మొహం మీద కొట్టింది. ముక్కు నలిగిన చప్పుడు నేల మీదున్న నాకు వినిపించింది. అతను కారుకు ఆనుకున్నాడు. మళ్ళీ కొట్టింది. జారి కూర్చున్నాడు. మళ్ళీ కొట్టింది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. చిలక వెనక నుంచి రెండు చేతులూ నడుం చుట్టూ వేసి ఎత్తి పక్కకు తీసుకెళ్ళేదాకా కొడుతూనే ఉంది. నన్ను అణిచిపెట్టినవాళ్ళు అప్పుడు మోకాలు తీశారు.

*

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి నన్ను అంబులెన్సులో పడుకోబెట్టారు. ఆయన మీటరుతో గొట్టాలన్నీ కొలిచి, పలక ఊడదీసుకుని, చివరికి నా దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. పలక చూసి తలూపింది ఆయనే.

"ఈ చిల్లు ఎవరు పెట్టారు?"

"నేనే."

"పంజరానికి చిల్లు పెట్టడం నేరం. నీ లైసెన్సు పోతుంది."

"పోవాలి. నియమం అదే కదా."

ఆయన పలక జేబులో వేసుకుని దిగిపోయాడు. కింద పోలీసులు బావను జీపెక్కిస్తున్నారు. అతను మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. ఆమె చూడలేదు. లోపలికి ఎక్కి నా పక్కన బల్ల మీద కూర్చుంది. తలుపు మూశారు. బండి కదిలింది.

బండి కొండ దిగింది. తర్వాత, "డ్రిల్లు పెట్టే ముందు నాతో ఒక్క మాట చెప్పుండొచ్చుగా" అంది.

"చెప్తే ఆగేదానివా?"

"లేదు. ముందు ఈ ఒక్క స్టేజి కానీ, తర్వాత చూద్దాం అనేదాన్ని."

"మీ అన్న కూడా అదే అన్నాడు."

ఆమె మొహం తిప్పుకుంది. అన్న రక్తం ఆమె మోచేతి మీద గట్టిపడి ఉంది. గోటితో గీకడం మొదలుపెట్టింది. అంతా పోయేదాకా గీకింది. తర్వాత నన్ను కట్లతో సహా పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకు దెబ్బ తగలని చోటు ఎక్కడన్నా మిగిలిందా?"

"ఎందుకు?"

"కొట్టాలి."

ఆలోచించి కుడి భుజం చూపించాను. నిజంగానే కొట్టింది.